పెదనాన్న కిటికీలో ఈగలు

జనవరి 6

ఈ రోజు ఆడవాళ్ళ క్రిస్మస్. ఏడాదిలో ఈ ఒక్క రోజు వంటిల్లు మగవాళ్ళకి వదిలేసి ఆడవాళ్ళు ఒకరింటికొకరు వెళ్ళి కూర్చోవాలి. మా ఇంట్లో ఇప్పుడు మగవాడంటే జెర్ పెదనాన్న ఒక్కడే. ఆయన మేడగదిలోంచి దిగలేదు. టీ నేనే కాచాను.

పక్క పొలం నోరా బక్లీ వచ్చింది. అమ్మ కేకు కోస్తుండగా పైనుంచి ఒక ఈగ ఊడి ఐసింగ్ మీద పడింది. ఎగరలేదు. వెల్లకిలా పడి బొంగరంలా తిరిగింది.

"జనవరిలో ఈగేమిటే హన్నా?" అంది నోరా. "మీ ఇంట్లో ఏదో చచ్చిందే."

"చచ్చిందేమీ లేదు. చావాల్సిన వయసొచ్చినవాళ్ళే చావట్లేదు" అంది అమ్మ, పైకప్పు వైపు కళ్ళెత్తి.

ఇద్దరూ నవ్వారు. నోరా ఈగ పడ్డ ముక్కను పక్కకి నెట్టి ఇంకో ముక్క తింది. ఆ తర్వాత మరొకటి. ఆవిడ గేటు దాటగానే అమ్మ నవ్వు ఆపేసి బల్లను సోడా వేసి తోమింది. ఆరాక మళ్ళీ తోమింది.

"రేపు పొద్దుటికి పారిష్ అంతా పాకుతుంది" అంది. ఈగ సంగతి, మా చర్చి కిందికొచ్చే ఊళ్ళన్నిటికీ.

జనవరి 7

ఆయన కిటికీలో ఇంకా ఉన్నాయి. చాలా.

జనవరి 9

పెదనాన్నకి భోజనం నేనే పైకి తీసుకెళ్తాను. నవంబరులో కంచె తీగ కాలికి గీరుకున్నప్పటి నుంచి మెట్లు దిగడం తగ్గించాడు. గాయం ఎప్పుడో మానిందట. ఇప్పుడు ఛాతీలో చలి అంటాడు. వంటింటి పొగగొట్టం ఆయన గోడలోంచే పోతుంది కాబట్టి ఇంట్లో అంత వెచ్చటి గది ఇంకోటి లేదు. కిటికీ దక్షిణానికి. ఎండ పడితే అద్దం మీద ఈగలు నిద్రలో నడిచినట్టు నడుస్తాయి.

"మెల్లిగా రా, అబీ. సభ జరుగుతోంది."

"ఏం సభ?"

"కౌంటీ కౌన్సిల్. పొద్దుట్నుంచీ అటూ ఇటూ నడుస్తున్నారు. ఇంతవరకు ఒక్క తీర్మానం లేదు."

నాన్నకి ఆయన అన్న. పెళ్ళి చేసుకోలేదు. నాన్న పోయిన ఈ రెండేళ్ళలో అమ్మకీ ఆయనకీ మధ్య మాటలన్నీ నా మీదుగానే నడుస్తున్నాయి. "మీ పెదనాన్నని అడుగు." "మీ అమ్మకి చెప్పు." నేను ఇద్దరికీ సగం సగం చెబుతాను.

ఆయన దగ్గర నాకు నోరు పెగులుతుంది. ఇంకెక్కడా పెగలదు.

జనవరి 13

పూజ చివర ఫాదర్ హోర్గన్ ఇంటి పూజల వంతులు చదివారు. ఈ వసంతానికి మా వాడలో వంతు మాది. ఫిబ్రవరి పందొమ్మిది, మంగళవారం. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళందరూ మా వంటింట్లో మోకరిస్తారు. ఫాదర్ ముందు గదిలో కూర్చుని అందరి పాపసంకీర్తనం, అంటే చేసిన తప్పుల ఒప్పుకోలు, వింటారు, వంటింట్లో పూజ చేస్తారు, మళ్ళీ ముందు గదిలోనే ఫలహారం చేస్తారు. ఆ గది తలుపు నాన్న పోయినప్పుడు తీశాం. మళ్ళీ ఇప్పుడే.

ఇంటిదారిలో అమ్మ నా ముందు గబగబా నడిచింది. మా మలుపు దగ్గర ఆగింది.

"కోట్లు ఎక్కడ పెడతారు?"

నాకు అర్థం కాలేదు.

"ఆడవాళ్ళు. కోట్లు విప్పి పైన మంచం మీద పెడతారు. పెద్ద మంచం ఎవరి గదిలో ఉంది? ఆ గదిలో కిటికీ నిండా ఏమున్నాయి?" గ్లవ్స్ లాగి మళ్ళీ తొడుక్కుంది. "ఆయన పరుపు కింద ఏం దాచుకుంటాడో, ఏం కుళ్ళబెడతాడో నాకు తెలీదు. పూజలోగా ఈగలైనా పోవాలి, ఆయనైనా పోవాలి. కౌంటీ హోమ్‌లో మంచం ఖాళీ ఉందని నర్సు ట్వోమీ చెప్పింది. ఫాదర్ ఒక్క మాట రాస్తే చాలు."

కౌంటీ హోమ్ అంటే కరువునాటి రాతిగోడల బిల్డింగ్. అప్పట్లో తిండిలేనివాళ్ళు నడిచి వెళ్ళి అందులో చేరేవాళ్ళు. ఇప్పుడు పేరు మార్చారు. గోడలు మార్చలేదు. అక్కడికి పంపుతామంటే పెదనాన్న వయసు వాళ్ళు గుమ్మం పట్టుకుని వేలాడతారు.

నేను ఏదో అనాలి. అనలేదు.

జనవరి 14

సెప్టెంబరులో టీచర్ ట్రైనింగ్ కాలేజీ ఇంటర్వ్యూలో కూడా ఇంతే. బల్ల వెనక ముగ్గురు. ఒక పద్యం చెప్పమన్నారు. నాకు వచ్చు. గడియారం కొట్టుకుంటోంది. "ఫరవాలేదమ్మా, వెళ్ళు" అన్నారు.

దాని గురించి రాయనని అనుకున్నాను.

జనవరి 15

కాన్వెంట్ నుంచి వచ్చేసేటప్పుడు సిస్టర్ బెనిగ్నస్ తన భూతద్దం, ఈగల పుస్తకం నాకు ఇచ్చేశారు. "మాట్లాడని పిల్లకి మాట్లాడని స్నేహితులు" అని నవ్వారు. పుస్తకం తీయాలని ఇవాళ తోచింది. ముందే ఎందుకు తోచలేదో.

అందులో చిత్రాలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. ఒక్కో ప్రశ్నకి అవును అంటే ఒక సంఖ్యకి పోవాలి, కాదు అంటే ఇంకో సంఖ్యకి. దాటవేయడానికి లేదు. వాలినప్పుడు రెక్కలు కత్తెరలా ఒకదానిమీదొకటి వస్తాయా? అవును. పొట్ట మీద బూడిదరంగు గళ్ళున్నాయా? అవును. నాలుగో ప్రశ్న: ఛాతీ మీద బంగారు రంగు నూగు ఉందా? భూతద్దం కింద ఎండలో చూశాను. ఉంది. సన్నగా, ఉంగరాలు తిరిగి, పసిపిల్లల జుట్టులా. అవును అయితే ఏడుకి వెళ్ళు.

ఏడు: గుంపు ఈగ.

పిల్లపురుగుగా ఉన్నప్పుడు పచ్చిక నేలలో వానపాముల్ని తిని బతుకుతుంది. చలి మొదలవగానే గుంపుగా వచ్చి ఎత్తైన గదుల్లో, ఎండ పడే వైపు, చెక్క సందుల్లో దూరి పడుకుంటుంది. ఎండ తగిలితే పొరపాటున లేస్తుంది. చెత్తతో పని లేదు. శవంతో పని లేదు. పెదనాన్నతో పని లేదు.

నలిపితే తేనె వాసన వస్తుందని రాసి ఉంది. నలిపాను. వచ్చింది.

జనవరి 16

పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను, అమ్మ చూస్తుందని. దాని మీద రొట్టె పీట పెట్టింది.

చివరికి ఒక ఈగను వేళ్ళమధ్య నలిపి అమ్మ ముక్కు దగ్గర పెట్టాను. అంతకంటే మాటలు దొరకలేదు.

"ఛీ! పిచ్చెక్కిందా నీకు?"

"వాసన చూడమ్మా."

చూసింది. మళ్ళీ చూసింది. "తేనె" అంది అయిష్టంగా.

అప్పుడు చెప్పాను. పొలం, వానపాములు, చెక్క సందులు, అన్నీ. ఒక్కసారి మొదలయ్యాక ఆగలేదు. అమ్మ పిండి చేతులతో అలాగే నిలబడి విన్నది.

"తేనెటీగల పునీతురాలని నీకు గోబ్నెట్ పేరు పెట్టుకుంటే, ఈగలు కాసే పిల్ల తయారైంది" అంది. "సరే. మరి వీటిని ఏరేదెవరు?"

"నేను."

"పూజనాటికి ఒక్కటి కనపడినా..."

"కనపడదు."

పెదనాన్న ఉంటాడు. కౌంటీ హోమ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

జనవరి 20

పూజ తర్వాత చర్చి ఆవరణలో అమ్మ అందరూ వినేలా చెప్పింది. "మా అబీ కనిపెట్టింది నోరా. చచ్చినవాటి వల్ల కాదట. పొలంలో వానపాముల్లోంచి వస్తాయట."

"వానపాముల్లోంచా! దానికంటే చచ్చిన ఎలుకే నయం కదే."

అమ్మ కూడా నవ్వింది. ఈసారి ఇంటికొచ్చాక బల్ల తోమలేదు.

జనవరి 22

రోజూ పొద్దున్నే బాతు రెక్కతో కిటికీ ఊడుస్తున్నాను. కాగితం నానబెట్టి సందులు పూడుస్తున్నాను. ఇవాళ పేడకుప్ప మీద లేత ఎండలో శీతదోమలు ఆడుతున్నాయి, పైకీ కిందికీ. ఇవి కుట్టవు. మంచు కురిసిన మర్నాడు కూడా ఎగురుతాయట. చాలాసేపు నిలబడి చూశాను. సంతోషంగా ఉంది అని రాస్తే పోతుందేమో.

జనవరి 28

ఇవాళ ఒకటి పెద్దది. కిటికీ దగ్గర కాదు, మంచం కాళ్ళవైపు, దుప్పటి మీద. చురుగ్గా ఉంది. రొద చేస్తోంది. గ్లాసు బోర్లించి పట్టాను.

పొట్ట నీలంగా మెరుస్తోంది. వెలుతురు వల్ల కావచ్చు.

నాలుగో ప్రశ్న: ఛాతీ మీద బంగారు నూగు ఉందా? కనపడలేదు. ముసలి ఈగలకి నూగు రాలిపోతుందని పుస్తకం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. రాలిపోయిందంటే ఒకప్పుడు ఉన్నట్టే. అవును. ఏడుకి వెళ్ళాను.

గుంపు ఈగ.

"ఎవరమ్మా ఈ పెద్దమనిషి?" అన్నాడు పెదనాన్న.

"కౌన్సిల్ చైర్మన్."

ఆయన నవ్వాడు. దుప్పటి సర్దుకున్నాడు. గది నిండా తైలం వాసన. ఛాతీకి రాసుకుంటాడట. పక్కబట్టలు మారుస్తానంటే వద్దన్నాడు. "నేనే మార్చుకుంటాలే. ఆడపిల్లవి, నీకెందుకు."

ఫిబ్రవరి 1

పునీత బ్రిజిత పండుగ. అమ్మ రెల్లు శిలువ అల్లి గుమ్మానికి కట్టింది. వెన్న వేసి మెదిపిన బంగాళాదుంపలు పైకి తీసుకెళ్ళాను. పెదనాన్న రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టాడు. ముఖం ఎర్రగా ఉంది. పొయ్యి వేడికి.

మళ్ళీ రెండు, దుప్పటి మీద. గుంపు ఈగలు.

ఫిబ్రవరి 2

తైలం వాసనే.

ఫిబ్రవరి 5

వెల్ల వేశాం. వంటిల్లు, ముందు గది, మెట్ల గోడ. అమ్మ తలకి గుడ్డ కట్టుకుని పాడుతూ వేసింది. ఆమె పాడగా విని ఎన్నాళ్ళయిందో. పెదనాన్న గది దగ్గరికి వచ్చేసరికి బ్రష్ నా చేతికిచ్చింది. "అది నువ్వు వెయ్యి" అని కిందికి వెళ్ళిపోయింది.

గోడకి వేస్తుంటే ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. నా వీపుతో మాట్లాడటం సులభమేమో.

"డానీ లూసీ గుర్తున్నాడా నీకు? ఫిడేలు వాయించేవాడు. వారం రోజులు ఉండి వస్తానని కౌంటీ హోమ్‌కి వెళ్ళాడు. చూడ్డానికి వెళ్ళాను. వరసగా నిలబెట్టి కడుగుతారట, గుర్రాల్ని కడిగినట్టు. వాడు నన్ను గుర్తుపట్టి కూడా పట్టనట్టు పడుకున్నాడు, సిగ్గుతో. మర్నాడు ఈస్టర్."

నేను వెల్ల వేస్తూనే ఉన్నాను.

"అబీ. పూజ అయ్యేదాకా నన్ను కదపకు. మా అమ్మ వంటింట్లో పూజ. అదొక్కటి కింద కూర్చుని వింటాను. ఆ తర్వాత నీ ఇష్టం."

"దేని గురించి, పెదనాన్నా?"

వెనక దుప్పటి సర్దుకున్న చప్పుడైంది.

"ఈగల గురించే" అన్నాడు.

ఫిబ్రవరి 8

మంచం దగ్గరివాటిలో ఒకదాన్ని నలిపాను. తేనె వాసన రాలేదు. నాకు జలుబు చేసింది.

ఫిబ్రవరి 11

పునీత గోబ్నెట్ పండుగ, అంటే నా పేరు పండుగ. అమ్మ ఎండుద్రాక్ష రొట్టె చేసింది. పెదనాన్న మెట్ల పైదాకా వచ్చి, గోడ పట్టుకుని, "తేనెటీగల రాణికి దండాలు" అని వెనక్కి వెళ్ళాడు. ఎడమ కాలికి రెండు మేజోళ్ళు. ఒకదానిమీదొకటి.

తర్వాత మెట్లు ఊడుస్తుంటే పై మెట్టు మీద ఒక తెల్ల మెతుకు. ఆదివారం పాయసంలోది అయ్యుంటుంది.

ఆదివారం పాయసం పైకి తీసుకెళ్ళలేదు.

తుడిచేశాను. తుడిచేటప్పుడు అది ముడుచుకుంది.

ఫిబ్రవరి 14

మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ మొదలుపెట్టాను, ఎవరో కొత్తవాళ్ళు తెచ్చిచ్చిన ఈగ అనుకుని. పొట్ట నీలమా? నీలం. వెలుతురు వల్ల కాదు, దీపం కింద చూసినా నీలమే. నూగు ఉందా? లేదు. ఎప్పుడూ లేదు. పాత గుంపు ఈగకి రాలినచోట కూడా మెడ దగ్గర నాలుగైదు మిగులుతాయి. దీనికి నల్లని ముళ్ళవెంట్రుకలు మాత్రమే. కాదు అయితే తొమ్మిదికి వెళ్ళు. తొమ్మిది: బుగ్గలు నారింజ రంగా? అవును.

నీలి ఈగ. వెచ్చదనం దొరికితే చలికాలంలోనూ తిరుగుతుంది. గుడ్లు పెట్టడానికి దానికి కావలసింది మాంసం.

పూజకి ఇంకా ఐదు రోజులు. అమ్మకి చెబితే ఏమంటుందో తెలుసు. ఈగలు ఆయన వల్లే అని మొదట్నుంచీ అన్నది ఆమే. కాదని నిరూపించింది నేను. ఇప్పుడు ఆయన్ని ఆ బిల్డింగ్‌కి పంపేది నేనే అవుతాను. ఆయన అడిగింది కూడా పూజ దాకానే. మాటిచ్చానా? ఇవ్వలేదు. కాదనలేదు కూడా.

దారి దొరికింది. పూజకి ముందు పాపసంకీర్తనంలో ఫాదర్ హోర్గన్‌కి చెబుతాను. ఆయన పెద్దవారు. ఏం చేయాలో ఆయనే చేస్తారు. నేను ఎవరిముందూ నోరు తెరవక్కర్లేదు.

చాలా తేలికగా ఉంది.

ఫిబ్రవరి 19

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లవారేసరికి వంటిల్లు నిండిపోయింది. బల్లను కుర్చీల మీద ఎత్తి, నాన్నమ్మ నార గుడ్డ పరిచాం. పెదనాన్న ఆదివారం సూటు వేసుకుని, బూట్లు మెరిపించుకుని, నేను రాకముందే ఒక్కడే మెట్లు దిగి తలుపు పక్క బెంచీ మీద కూర్చున్నాడు. నుదుటి మీద చెమట. వచ్చినవాళ్ళందరూ చేయి కలిపారు. "పెళ్ళికొడుకులా ఉన్నావు జెర్" అంది నోరా. "పిల్ల దొరికితే ఇవాళే, ఫాదర్ కూడా ఇక్కడే ఉన్నారు" అన్నాడు ఆయన. ఆడవాళ్ళ కోట్లు పైన ఆయన మంచం మీదే పెట్టారు. కిటికీలో ఒక్క ఈగ లేదు. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

నా వంతు వచ్చింది. ముందు గదిలో ఫాదర్ మెడలో ఊదారంగు పట్టీతో, నుదుటికి చెయ్యి ఆనించుకుని కూర్చున్నారు. మోకరించాను.

"అబద్ధం చెప్పాను, ఫాదర్."

"ఎవరికి?"

"నాకే."

"దేని గురించి?"

"ఒక ఈగ గురించి."



"ఈగ" అన్నారు ఆయన.

"గుంపు ఈగ అన్నాను. అది నీలి ఈగ, ఫాదర్."

"చూడమ్మా, బయట ఇంకా చాలామంది ఉన్నారు..."

"నీలి ఈగ కుళ్ళిన మాంసం మీద గుడ్లు పెడుతుంది. మేడమీద అలాంటిది ఒక్కటే ఉంది. పెదనాన్న కాలు."

ఆయన నుదుటి మీంచి చెయ్యి తీశారు. "మీ అమ్మకి తెలుసా?"

"తెలీదు. మీకు చెబితే మీరే చూసుకుంటారని."

"నేనెలా చూసుకుంటాను?" గొంతు చాలా తగ్గించారు. "ఈ పట్టీ మెడలో ఉండగా నువ్వు చెప్పింది ఈ కుర్చీ దాటదు. డాక్టరుకి చెప్పలేను. మీ అమ్మకి చెప్పలేను. బయటికెళ్ళాక ఆయన కాలి వైపు చూడను కూడా లేను. ఊళ్ళో ఇంతమంది ఉండగా, ఏమీ చేయలేనివాణ్ణి ఏరుకుని మరీ చెప్పావు కదమ్మా."

ఇది నాకు తెలియనిది కాదు. ఏడో ఏట నుంచి సిస్టర్లు నేర్పిందే. పాపసంకీర్తనంలో విన్నది చంపినా బయటికి రాదు. ఐదు రోజులుగా ఎంత తేలికగా ఉందో, అది ఎందుకో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

"నన్నేం చేయమంటారు?"

"బయటికెళ్ళి మళ్ళీ చెప్పు. ఎవరికైనా. మీ పిల్లికి చెప్పినా నాకంటే నయం." నా తల మీద శిలువ గుర్తు వేశారు. "ప్రాయశ్చిత్తంగా ఒక మంగళవార్త జపం. వెళ్ళు."

పూజ జరిగింది. సత్ప్రసాదానికి పెదనాన్న లేవబోతే, కూర్చోమని సైగ చేసి ఫాదరే దగ్గరికి వచ్చారు. ఆయన కళ్ళు మూసుకుని నాలుక చాపాడు, చిన్నపిల్లాడిలా. నేను ఒక్క జపం ఎన్నిసార్లు మొదలుపెట్టానో.

తర్వాత ఫలహారం. ముందు గదిలో బల్ల దగ్గర ఫాదర్, టిమ్ బక్లీ, నర్సు ట్వోమీ, ఇంకో ఇద్దరు పెద్దలు. మిగతావాళ్ళు వంటింట్లో. మధ్య తలుపు తెరిచే ఉంది. ఫాదర్‌కి ఉడికించిన గుడ్డు నేనే తీసుకెళ్ళాను. విత్తన దుంపల గురించి మాట్లాడుతున్నారు. రొట్టె తీసుకెళ్ళాను. గుడ్డు అలాగే ఉంది. టీ తీసుకెళ్ళాను. గుడ్డు అలాగే ఉంది, చెంచా పక్కనే. ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఒక మనిషి అంత కష్టపడి చూడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

టీ కుండతో గుమ్మంలో నిలబడ్డాను. ఇటు ఫాదర్. అటు పెదనాన్న, నోరాతో ఏదో అని నవ్విస్తున్నాడు. అమ్మ కొత్త ఏప్రన్‌తో అందరికీ కేకు పంచుతోంది. అమ్మ ముఖం అంత అందంగా ఉంటుందని మర్చిపోయాను.

"పెదనాన్న ఎడమ కాలు" అన్నాను.

ఎవరికీ వినపడలేదు.

"పెదనాన్న ఎడమ కాలు కుళ్ళింది. బూటు తీసి చూడండి. అందులో పురుగులున్నాయి."

ఈసారి అందరికీ వినపడింది. నా గొంతు అంత పెద్దదని నాకు తెలీదు.

"అబీ!" అంది అమ్మ. ఆమె చేతిలో ప్లేటు వంగి కేకు ముక్కలు జారిపోతున్నాయి.

అందరూ పెదనాన్న వైపు తిరిగారు. ఆయన నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"పూజ అయ్యేదాకా ఆగమన్నాను" అన్నాడు, గది మొత్తానికీ చెబుతున్నట్టు. "ఆగింది. పిల్ల తప్పేం లేదు." తర్వాత తల గోడకి ఆనించాడు. "బూటు రాదు. పొద్దున్నే తీయబోయాను. కోయాలి."

నర్సు ట్వోమీ కత్తెర అడిగింది. నోరా బక్లీ లేచి నిలబడింది. "ఏంటలా పశువుల్లా నిలబడి చూస్తారు? బయటికి నడవండి. కోట్లు తర్వాత తీసుకోవచ్చు." తనే బేసిన్ తెచ్చి, బూటు కోసినంతసేపూ కింద పట్టుకుంది. ముఖం పక్కకి తిప్పుకోలేదు. రేపు పారిష్ అంతా చెబుతుందేమో. చెప్పుకోనీ.

ఫాదర్ అప్పటికే కారు తాళాలు తీసుకుని ముంగిట్లో ఉన్నారు.

ఫిబ్రవరి 20

ఆస్పత్రి నుంచి ఏమీ తెలియలేదు. అమ్మ నాతో మాట్లాడటం లేదు.

ఫిబ్రవరి 23

ఆస్పత్రికి వెళ్ళాం. రెండు వేళ్ళు తీసేశారు. పాదం ఉంటుందట. పురుగులు చచ్చిన కండనే తిన్నాయట, బతికున్నదాన్ని వదిలేశాయట. ఇంకో వారం ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని డాక్టరు అమ్మతో చెప్పాడు. "పది రోజుల ముందు తెచ్చి ఉంటే వేళ్ళు దక్కేవా?" అని నేను అడిగాను. ఆయన నా వైపు చూసి, "బహుశా" అన్నాడు.

పది రోజుల ముందు నాకు జలుబు చేసింది.

పెదనాన్న నిద్రపోతున్నాడు. కడిగిన ముఖం. ఎవరిదోలా ఉంది.

గాయం మానడానికి నెలలు పడుతుంది. రోజూ రెండుసార్లు కట్టు మార్చేవాళ్ళుంటే ఇంటికి, లేకపోతే కౌంటీ హోమ్‌కి.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ వైపు చూస్తూ అంది. "క్రిస్మస్‌కి ముందే నాకు వాసన వచ్చింది."

నా చేతిలో టికెట్టు నాలుగు మడతలు పెట్టాను.

"మీ నాన్నకి చివర్లో వచ్చిన వాసనే. మళ్ళీ చూడలేననిపించింది. అందుకే పైకి వెళ్ళడం మానేసి నిన్ను పంపాను. ఈగలు తేనె వాసన అన్నావు చూడు, ఆ పూట నీకంటే నేనే ఎక్కువ నమ్మాను."

బస్సు ఆగింది. ఎవరో కోడిని సంచిలో పెట్టుకుని ఎక్కారు. అది మా మలుపు దాకా అరుస్తూనే ఉంది.

ఫిబ్రవరి 24

అమ్మ అటు, నేను ఇటు పట్టి పెద్ద మంచం మేడ మీంచి దించాం. మెట్ల గోడకి వేసిన వెల్ల అంతా గీసుకుపోయింది. వంటింట్లో పడుతుందనుకున్నాను. అమ్మ ముందు గది తలుపు కాలితో తోసింది.

"ఇక్కడా?" అన్నాను.

"ఏం, ఫాదర్ మళ్ళీ వచ్చేది ఎప్పుడో. అప్పటిదాకా ఆ కుర్చీలకి మనం కాపలా కాయాలా?"

మార్చి 12

పెదనాన్న వచ్చాడు. ముందు గది చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "నేనింకా చావలేదు హన్నా" అన్నాడు. ఆ గదిలో మంచం వేసేది శవాన్ని పడుకోబెట్టడానికే.

"ఆ సంగతి నాకు తెలుసులే. రా బావా, గాలి వస్తోంది."

ఇద్దరూ నా మీదుగా కాకుండా మాట్లాడుకున్నారు. నేను బయటికొచ్చి కోళ్ళకి గింజలు వేశాను. ఇంతకుముందే వేశానట.

మార్చి 13

మొదటి కట్టు నర్సు ట్వోమీ మార్చి చూపించింది. సాయంత్రం కట్టు మాది.

అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉప్పునీళ్ళలో గుడ్డ ముంచింది. పెదనాన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. లోపలి పొర అంటుకుని ఉంది. అమ్మ దాన్ని తడుపుతూ, కొంచెం కొంచెంగా లాగుతూ, చివరి పట్టు వచ్చేసరికి కళ్ళు గట్టిగా మూసుకుంది. చేతులు మాత్రం ఆగలేదు.

"అబీ, ఎలా ఉంది?"

నేను వంగి చూశాను.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది.

"అంచు ఎర్రగా ఉంది" అన్నాను. "మధ్యలో పసుపు, గోరంత. కింద వైపు తడిగా ఉంది, చీము కాదు, నీరు. పొద్దున్న చూసినదానికంటే పెద్దది కాలేదు. చిన్నది కూడా కాలేదు."

"వాసన?"

"ఉంది. కొంచెం. తైలం వాసన కాదు."

గోడవైపు తిరిగే పెదనాన్న అన్నాడు, "నోరు విప్పిందంటే ఇక దయాదాక్షిణ్యం ఉండదు ఈ పిల్లకి."

అమ్మ నవ్వలేదు. గుడ్డ పిండి, ఊపిరి పీల్చుకుని, కళ్ళు తెరిచి చూసింది.